వలస పక్షి ఎర్రమ్మ

మనిషి కనిపిస్తే పక్షి ఎగిరిపోతుందన్న సంగతిని మా సంస్థ కిందటేడు కార్తీకమాసంలో అధికారికంగా కనిపెట్టింది. అంతకుముందు కూడా ఈ సంగతి అందరికీ తెలుసు. కానీ తెలియడం వేరు, కనిపెట్టడం వేరు. కనిపెట్టాలంటే కమిటీ వేయాలి.

మా సంస్థ పూర్తి పేరు ఉప్పుగెడ్డ శీతాకాల అతిథి పక్షుల సంరక్షణ, సంవర్ధన ప్రాధికార సంస్థ. ఒక బోర్డు మీద పట్టక రెండు బోర్డులు రాయించాం. ఉప్పుగెడ్డపాలెం అనే జాలర్ల ఊరికీ సముద్రానికీ మధ్య పరుచుకున్న చిత్తడి నేల ఒడ్డున మా ఆఫీసు ఉంది. నేను అందులో సీనియర్ అసిస్టెంటుని. చలి మొదలవగానే ఎక్కడెక్కడి దేశాల నుంచో బాతులూ కొంగలూ ఉల్లంకిపిట్టలూ వచ్చి ఆ నీళ్ళలో దిగుతాయి. బాతుకీ కొంగకీ తేడా నాకు తెలుసు. అంతకుమించి తెలుసుకోవడం నా విధుల్లో లేదు.

ఆ కార్తీకంలో ఒక పెద్దాయన సకుటుంబంగా పక్షులను చూడటానికి వచ్చారు. ముందు పైలట్ కారు, వెనక బారెడు కాన్వాయ్, అన్నిటికీ సైరన్లు. ఆఖరి కారు ఆగేసరికి చిత్తడి మీద ఈక ముక్క కూడా లేదు. పెద్దాయన పక్షులను చూసే టవరెక్కి దుర్భిణీ కళ్ళకు పెట్టుకుని చాలాసేపు చూసి, "నీళ్ళు బాగున్నాయి" అని దిగిపోయారు. మా డైరెక్టరు సత్యకీర్తి గారి మొహం మాడిపోయింది.

మర్నాడే విచారణ కమిటీ పడింది. పక్షులు లేచిన సమయంలో సూరాడ ఎర్రమ్మ అనే మత్స్యకార మహిళ మోకాలి లోతు నీళ్ళలో ఉన్నట్టూ, ఆమెను చూసి పక్షులు భీతిల్లినట్టూ కమిటీ తేల్చింది. సైరన్ల సంగతి కూడా ఎవరో లేవనెత్తారు. సైరన్లు వినబడతాయే తప్ప కనబడవు కనక అవి కమిటీ పరిధిలోకి రావని అధ్యక్షులు సెలవిచ్చారు.

ఎర్రమ్మ మాకు కొత్త కాదు. అరవై దాటిన మనిషి. కొడుకు సింహాద్రి పడవ మీద కూలికి వెళ్తాడు, వేట దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. కోడలూ ముగ్గురు మనవలూ ఎర్రమ్మ చేతి పీతల మీదే బతుకుతున్నారు. ఆమెకు వలా గాలమూ అక్కర్లేదు. నడుముకు తాటాకు బుట్ట కట్టుకుని, వంగి, ఒక కాలితో బురద కెలుకుతుంది. కాలి కింద ఏదో కదిలితే చటుక్కున చెయ్యి ముంచి తీస్తుంది. కాలికి గుల్ల పెంకు గుచ్చుకుంటే ఆ కాలు ఎత్తి, రెండో కాలి మీద కదలకుండా నిలబడి పెంకు లాక్కుంటుంది. ఆ చిత్తడిలో ఆమె అత్తా అలాగే పట్టింది, అత్తగారి అత్తా అలాగే పట్టింది. ఆదివారాలు మా ఇంట్లో వండే పీతల పులుసు ఆమె చలవే.

కమిటీ నివేదిక మీద సత్యకీర్తి గారు నిబంధనలు తయారుచేశారు. వాటికి 'మానవ అగోచరత్వ నిబంధనలు' అని పేరు. కబురందుకుని ఎర్రమ్మ తడి చీరతోనే ఆఫీసుకు వచ్చింది.

"మీకు వేట నిషేధించలేదమ్మా" అన్నారు సత్యకీర్తి గారు. "మానవ దర్శనం వల్ల పక్షిజాతికి కలుగుతున్న మనఃక్షోభను నివారించడం మాత్రమే సంస్థ యొక్క ఏకైక లక్ష్యం. కావున శీతాకాలం పొడుగునా మానవులు చిత్తడిలో ఉండవచ్చును. కనిపించరాదు."

"కనబడకుండా ఎలాగుంతాను బాబూ? నాను దెయ్యాన్నేటి?"

"దానికీ నిబంధనలో మార్గం కల్పించడమైనది. పక్షిని చూసి పక్షి భయపడదు. అందుచేత మీరు పక్షి రూపంలో ఉండవలెను."

ఎర్రమ్మ నా కేసి చూసింది. నేను ఫైలు కేసి చూశాను.

పక్ష్యనుకూల వస్త్రాలు వారంలో వచ్చాయి. తెల్లటి పొడుగు అంగీ, రెండు చేతులకూ బూడిదరంగు రెక్కలు, నెత్తిన టోపీ, టోపీకి జానెడు పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్కు. నిబంధన అందరికీ ఒకటే కనక టవరెక్కే సిబ్బంది కూడా వేసుకోవాలి. సత్యకీర్తి గారు తాను ముందు ఆచరించి చూపించాలని ఆఫీసులో కూడా వేసుకునేవారు. సంతకం పెట్టడానికి వంగినప్పుడల్లా ముక్కు సిరాలో మునిగేది. నన్ను ఆ వేషంలో చూసి మా ఆవిడ ఆ పూట వాళ్ళమ్మతో ఫోనులో చాలాసేపు మాట్లాడింది.

పాలెంలో మిగతావాళ్ళు ఆ గుడ్డలు ముట్టుకోబోమన్నారు. చిత్తడి మానేసి సముద్రం ఒడ్డున పడవలు లాగే చోటే పొట్టపోసుకున్నారు. ఎర్రమ్మ ఒక్కతే వేసుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే, "పిల్లగుంటలకి కూడెట్టాల గదే, ముక్కెట్టుకుంటే నా పరువేటి ఎల్లిపోద్ది?" అని దులిపేసిందట. రోజూ తెల్లారకుండా రెక్కలు తొడుక్కుని బుట్ట కట్టుకుని దిగేది. న్యాయంగా చెప్పాలంటే పక్షులు ఆమెను అంతకుముందూ పట్టించుకోలేదు, ఆ తర్వాతా పట్టించుకోలేదు.

పుష్యమాసంలో పక్షుల గణన జరిగింది. దానికి రాజధాని నుంచి డాక్టర్ ప్రభంజన్ గారు వచ్చారు. పక్షి శాస్త్రంలో మూడు ఖండాలు తిరిగిన మనిషి. టవరు మీద ఆయన, సత్యకీర్తి గారు, నేను, ముగ్గురం ముక్కులు పెట్టుకుని నిలబడ్డాం. మంచు దట్టంగా ఉంది. పెద్ద దుర్భిణీలో చూస్తున్న ప్రభంజన్ గారు ఉన్నట్టుండి నా రెక్క పట్టుకున్నారు.

"కదలకండి. ఈశాన్యం దిక్కున. ఇంత పెద్ద పక్షిని నేను ఏ దేశంలోనూ చూడలేదు."

నేను చూశాను. ఎర్రమ్మ. ఒంటికాలి మీద నిలబడి పెంకు తీసుకుంటోంది.

"ఏకపాద విశ్రాంతి!" అన్నారు ప్రభంజన్ గారు. "చూడండి, ఇప్పుడు కాలితో బురదను మథిస్తోంది. ఆహా! ఆహారాన్ని మింగకుండా పొట్ట దగ్గరున్న సంచిలో దాచుకుంటోంది. సంచి కలిగిన బురద కొంగ! శాస్త్రంలోనే లేదు!"

"సార్, అది మన ఎర్రమ్మండీ" అన్నాను.

ఆయన దుర్భిణీ దించి నన్ను పైనుంచి కిందదాకా చూశారు. "మీరు సాంకేతిక సిబ్బందా?"

"కాదండీ. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను."

"అయితే సాంకేతిక నిర్ధారణలు మాకు వదిలిపెట్టండి."

సత్యకీర్తి గారు కూడా నన్ను కళ్ళతోనే వారించారు. సాయంత్రానికి పత్రికలకు ప్రకటన వెళ్ళింది. ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ చూడని మహా వలస పక్షి ఉప్పుగెడ్డలో దర్శనమిచ్చిందని, ఇది మానవ అగోచరత్వ నిబంధనల ఘన విజయమని రాశారు. ఎగరగా ఎవరైనా చూశారా అని ఒక విలేఖరి అడిగితే, ఎగరదని కూడా ఎవరూ నిరూపించలేదు కదా అన్నారు ప్రభంజన్ గారు. మర్నాటికి పైనుంచి అభినందనలు వచ్చేశాయి.

అభినందనలు వచ్చిన రోజే ఎర్రమ్మ పీతలు పట్టుకుని ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. రెక్కలు ఇంకా విప్పలేదు. ప్రభంజన్ గారు అక్కడే కాఫీ తాగుతున్నారు. కప్పు అలాగే పట్టుకుని, ఆమె బుట్ట కేసి, కాళ్ళ కేసి, ముక్కు కేసి చూశారు. 

"పీతలు తీసుకోరేటి బాబూ?" అంది ఎర్రమ్మ.

ఆమెను బయట కూర్చోబెట్టి తలుపులు వేసుకుని సమావేశం జరిపారు. నేను మినిట్స్ రాసుకున్నాను. మన ముందున్న దారులు రెండే అన్నారు సత్యకీర్తి గారు. ప్రభంజన్ గారి నిర్ధారణ తప్పని ప్రకటించాలి, లేదా ఎర్రమ్మ పక్షి అని ధ్రువీకరించాలి. మొదటిదానికి పైనుంచి కింది దాకా ప్రతివాళ్ళూ సంజాయిషీ ఇవ్వాలి, అభినందనలు వెనక్కి తీసుకోవాలి. రెండోదానికి ఒక్క సంతకం చాలు. ప్రభంజన్ గారు విజ్ఞాన శాస్త్రం ఎప్పుడూ కొత్త ఆలోచనలకు తలుపులు తెరిచే ఉంచుతుందన్నారు. సత్యకీర్తి గారు ముక్కు సిరాలో పడకుండా చేత్తో ఎత్తి పట్టుకుని సంతకం పెట్టారు.

ఎర్రమ్మను లోపలికి పిలిచి సంగతి చెప్పారు.

"అయితే నన్నింక నీళ్ళలోకి దిగద్దనరు గదా?" అని అడిగింది ఆమె.

"మిమ్మల్నా? అది మీ ఆవాసం. అక్కడ మిమ్మల్ని ఆపే అధికారం ఈ దేశంలో ఎవరికీ లేదు."

"మరింకేటి. పిట్టంటే పిట్టే" అంది ఎర్రమ్మ. బేరం బాగానే ఉందనుకుంది పాపం. నేనూ అలాగే అనుకున్నాను.

అరుదైన పక్షి ఉన్నచోట మనుషులు ఉండకూడదని మా చట్టంలో వేరే ఒక కట్టుబాటు ఉంది. అందువల్ల చిత్తడితోపాటు పడవలు లాగే ఒడ్డు కూడా మూసేశారు. వేషం వేసుకున్నా సరే, మానవ మాత్రుడెవరూ అటు అడుగు పెట్టరాదు. పాలెం మొత్తానికి నీళ్ళలో దిగే హక్కు ఎర్రమ్మ ఒక్కదానికే మిగిలింది. ఆమె మామూలుగా పీతలు పట్టి సంతకు బయల్దేరింది. మా గార్డు గేటు దగ్గర ఆపి ఆఫీసుకు తీసుకొచ్చాడు.

"పక్షులు చేపలను భక్షిస్తాయి, విక్రయించవు" అన్నారు సత్యకీర్తి గారు. "మీకు ఎంత కావాలంటే అంత అక్కడే ఆరగించండి. బయటికి తేరాదు."

"పచ్చి పీతలు తినీమంతారా! మరి ఇంటికాడ పిల్లగుంటలకేటెట్టాల?"

సత్యకీర్తి గారు నిబంధనల కాగితాలు తిరగేశారు. నాకు జాలేసింది. ఆ పిల్లలు ముగ్గురినీ నేను ఎరుగుదును. సాహసించి, "సార్, ఏ పక్షైనా పిల్లలకు మేత తీసుకెళ్తుంది కదండీ" అన్నాను. ఆయన సంతోషపడ్డారు. నిబంధనలోనే దారి దొరికితే ఆయనంత మంచివాడు ఇంకొకడు ఉండడు. ముగ్గురు మనవలనూ కూనలుగా నమోదు చేయించారు. కూనలను పొదిగేందుకు కోడలూ, కోడలికి జత కనక సింహాద్రీ చేరారు.

ఆ సాయంత్రం పాలెం పాలెమంతా మా ఆఫీసు ముందు నిలబడింది. ముసలీ ముతకా, చంకన పిల్లలతో ఆడవాళ్ళూ అందరూ వచ్చారు. వేట లేక పొయ్యిలు వెలగడం లేదు. సింహాద్రి అందరి తరఫునా మాట్లాడాడు.

"మా యమ్మ పిట్టైతే మావందరం పిట్టలమే గదండి. ఒకే జాతోలం. మాకూ ఆ గుడ్డలిచ్చీండి, పడవలొగ్గుకుని ఏటకెల్తాం."

ఇక్కడ సత్యకీర్తి గారు కోప్పడతారనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. గణనలో ఒకే ఒక్క పక్షిగా ఉన్నది ఏకంగా ఒక పెద్ద మంద అయింది! చలికాలం ముగియకముందే మా సంస్థకు ఉత్తమ పక్షి కేంద్రంగా పురస్కారం వచ్చింది. పడవల మీద తెల్లటి రెక్కలు వేసుకుని జాలర్లు సముద్రంలోకి పోతుంటే టవరు మీద పర్యాటకులు ఫోటోలు తీసుకునేవారు. పట్టింది అమ్మకూడదు గానీ మందలో పంచుకోవచ్చు. ఉప్పూ పప్పూ బియ్యం ఎలా తెచ్చుకున్నారో నేను అడగలేదు. మా గార్డు ఇంట్లో మాత్రం ఆ రోజుల్లో చేపలకు కరువు లేదు. ఎర్రమ్మ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది కదా, చాల్లే అనుకున్నాను.

ఎండలు ముదిరాయి. ఒక ఉదయం బాతులు వెళ్ళిపోయాయి. మరి నాలుగు రోజులకు కొంగలూ ఉల్లంకిపిట్టలూ వెళ్ళిపోయాయి. సత్యకీర్తి గారు టవరు మీద నుంచి చూస్తే పడవలు, వాటి మీద తెల్లటి రెక్కలు.

"వీళ్ళు ఇంకా వెళ్ళలేదేమిటి?" అన్నారు నాతో.

"ఎక్కడికండీ?"

"శీతాకాల అతిథులు వేసవికి ముందు నిష్క్రమించాలి. నిష్క్రమించకపోతే అవి వలస పక్షులు కావు, స్థానిక పక్షులు. స్థానిక పక్షులకు అతిథి పక్షుల సంస్థ ఎందుకయ్యా? మనల్ని మూసేస్తారు."

ఇదీ ఆలోచించాల్సిన విషయమే. నా ఉద్యోగం కూడా అందులోనే ఉంది. ఎర్రమ్మను పిలిపించాం. ఈసారి కుర్చీ వేశారు.

"మీ స్వదేశానికి ప్రయాణం ఎప్పుడు?" అని మర్యాదగా అడిగారు సత్యకీర్తి గారు.

"నా దేసం ఇదే గద బాబూ! నాను పుట్టిందిక్కడ, పెళ్ళాడిందిక్కడ, మా ముసిలోడిని తగలెట్టిందిక్కడ. ఎక్కడికెల్లాల?"

"ప్రభంజన్ గారి నిర్ధారణ ప్రకారం ఉత్తర దిశగా. మంచు ప్రాంతాలకు."

ఎర్రమ్మ లేచి నిలబడింది. టోపీ తీసి, ముక్కుతో సహా ఆయన బల్ల మీద పెట్టింది. "ఇదిగో, మీ పిట్టని మీరే ఉంచుకోండి. నాను మనిసిని. నా కొంపలో నానుంతాను. ఏటి సేస్తారో సెయ్యండి."

సత్యకీర్తి గారు నిజంగా నొచ్చుకున్నారు. ఆమెకు అర్థమయ్యేలా నెమ్మదిగా విడమరిచారు. మనిషినని ఒప్పుకుంటే మానవులకు నిషిద్ధమైన ప్రాంతంలో చలికాలమంతా సంచరించిన నేరం కింద ఆమె మీద కేసు పెట్టాలి. కొడుకు మీద, కోడలి మీద, పాలెంలో ప్రతి గడప మీదా పెట్టాలి. కూనలు మైనర్లు కనక వాళ్ళను వసతిగృహానికి పంపాలి. బెయిలు దొరకని సెక్షన్లు. "పక్షిగా ఉంటే వెళ్ళిపోతే సరిపోతుంది. మనిషిగా ఉంటే నేనేమీ చేయలేను" అన్నారు.

ఎర్రమ్మ నా కేసి తిరిగింది. "బాబూ, నువ్వెరుగుదువు గదా. నాను మనిసినని ఓ మాట సెప్పు."

నేను మళ్ళీ ఫైలు కేసి చూశాను. నాకు తెలుసని చెప్పినా లెక్కలోకి రాదన్నది ఒక సంగతి. చెబితే ఏమవుతుందోనని భయపడ్డాననేది రెండో సంగతి. ఆమె బల్ల మీద టోపీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఉత్తరాన మంచు ప్రాంతాలకు దారి ఎవరికీ తెలియదు. పాలెంలో కుర్రాళ్ళు కొందరు ఎప్పటి నుంచో గుజరాత్ వెళ్ళి మరబోట్ల మీద పనిచేస్తున్నారు. అక్కడ ఆడవాళ్ళకు రొయ్యలు ఒలిచే షెడ్లలో పని దొరుకుతుందట. అటే బయల్దేరారు అందరూ, గిన్నెలూ చాపలూ మూటలు కట్టుకుని. పడవలు ఇసుకలో బోర్లించారు. తలుపులకు తాళాలు ఉన్నవాళ్ళు తాళాలు వేశారు, లేనివాళ్ళు తాడు కట్టారు.

సత్యకీర్తి గారు స్టేషనుకు వచ్చి జెండా ఊపారు. పూలదండలు కూడా తెచ్చారు గానీ, జనరల్ పెట్టె తలుపు దగ్గర తోపులాటలో అవి ఎవరి మెడలోనూ పడలేదు. ఎర్రమ్మ చిన్న మనవణ్ణి కిటికీలోంచి లోపలికి అందించి, తరవాత తను ఎక్కింది. రైలు కదిలాక సత్యకీర్తి గారు కళ్ళు తుడుచుకున్నారు. రైలు మార్గాన జరిగిన పక్షుల వలస దేశంలో ఇదే మొదటిదని నాతో అన్నారు.

ఆయన రిటైరయ్యే లోపు ఒక గొప్ప పని చేయాలని చాలా రోజులుగా అనుకుంటున్నారు. అది జూన్‌లో చేశారు. అతిథి పక్షులు వదిలి వెళ్ళిన గూళ్ళు, ఆ గూళ్ళున్న నేలా సంస్థకు చెందుతాయని మా చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. దాని కింద ఉప్పుగెడ్డపాలెంలోని ఇళ్ళన్నిటినీ పరిత్యక్త గూళ్ళుగా ప్రకటించారు. అక్కడ పర్యాటకులకు విశ్రాంతి గృహాలు రాబోతున్నాయి. చిత్తడికి ఎదురుగా కిటికీలుంటాయి కనక చూడటానికి బాగుంటుంది. ఒక్కో గడపకూ సంస్థ స్వాధీన ప్రకటన అంటించే పని నాకు అప్పగించారు.

బకెట్లో మైదా జిగురు కలుపుకుని, కుంచె తీసుకుని నేనొక్కణ్ణే వెళ్ళాను. వాన మబ్బు కమ్ముకుని ఉంది. వీధిలో కుక్క కూడా లేదు. ఎర్రమ్మ ఇంటి తలుపుకు తాడు కట్టి ఉంది. తలుపు మీద జిగురు పూస్తుండగా ఫోను మోగింది.

"బాబూ, నానండి ఎర్రమ్మని. బాగున్నారా? ఇక్కడ షెడ్డోళ్ళ ఫోనట్టుకుని సేస్తన్నాను. అటేపు ఆనలు పడతన్నాయంట గదా?"

"ఇంకా పడలేదమ్మా. మబ్బుగా ఉంది."

"మా ఇంటికి ఎనకేపు తాటాకు సెడిపోనాది. ఏరే పని మీద అటు ఎల్లినప్పుడు కాస్త సూడండి బాబూ. ఎవుడిసేతైనా రెండు కమ్మలు కప్పించండి. పిల్లగుంటలు రోజూ అడుగుతన్నారు, ఇంటికెప్పుడెల్తాం అని. ఆన లోనికొస్తే మరి మా సామాను తడిసిపోద్ది."

నా చేతిలో కుంచె నుంచి జిగురు కారి చెప్పుల మీద పడుతోంది. చెప్పాలి. చెప్పేవాణ్ణే. నోరు తెరిచాను కూడా.

"అలాగేనమ్మా, చూస్తాను" అన్నాను.

ఆమె, మీ ఇంట్లో అమ్మగారిని అడిగానని చెప్పమని ఫోను పెట్టేసింది. నేను ఇంటి వెనక్కి వెళ్ళి చూశాను. తాటాకు నిజంగానే చెడిపోయింది. తిరిగి వచ్చి, జిగురు ఆరిపోకముందే కాగితం అంటించి, మూలలు చేత్తో నొక్కి, పక్కింటికి వెళ్ళాను.